కీటకాల హార్మోన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

గొంగళిపురుగు ఎప్పుడు తిండి మానాలి, ఎప్పుడు కుబుసం విడవాలి, ఎప్పుడు ప్యూపాగా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశగా) మారాలి, రెక్కలొచ్చాక ఎప్పుడు గుడ్లు పెట్టాలి? వీటన్నిటినీ నడిపేవి దాని ఒంట్లో తిరిగే కొన్ని రసాయనాలు. విద్యార్థులు, పంటలు పండించేవాళ్లు, ఆసక్తి కొద్దీ పురుగుల్ని గమనించేవాళ్లు ఈ విషయం మీద మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాం. పాఠ్యపుస్తకాల్లో ఈ పాఠం ఒక బొమ్మ, మూడు బాణాలతో అయిపోతుంది. ఆ బొమ్మలో కనిపించని ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఒకే హార్మోన్ ఇవాళ ఒక పని చేయిస్తుంది, నాలుగు రోజులు పోయాక పూర్తిగా వేరే పని చేయిస్తుంది. అది ఏ రోజు వచ్చింది, ఆ సమయానికి పక్కన ఇంకే హార్మోన్ ఉంది, దాన్ని అందుకునే కణం దేనికి సిద్ధంగా ఉంది అన్నవి చూస్తేనే కీటకం అర్థమవుతుంది. కింది జవాబుల్లో ఈ మాట చాలాసార్లు వస్తుంది.

కీటకాలకు మనలాగా రక్తనాళాలే ఉండవు కదా, మరి హార్మోన్లు ఎలా తిరుగుతాయి?

నాళాలు లేకపోయినా ద్రవం ఉంది. దాన్ని హీమోలింఫ్ అంటారు. వీపు పొడవునా ఉండే ఒక గొట్టం లాంటి గుండె దాన్ని తల వైపు తోస్తుంది, అక్కడి నుంచి అది శరీరమంతా పారి అవయవాల్ని నేరుగా తడుపుతుంది. ఆక్సిజన్ మోసే పని ఈ ద్రవానికి దాదాపు లేదు, అందుకు వేరే గాలి గొట్టాలున్నాయి. హార్మోన్లను మాత్రం ఇది బాగానే చేరవేస్తుంది.

ముఖ్యమైన హార్మోన్లు ఏవి? ఎక్కడ తయారవుతాయి?

ఎదుగుదలకు సంబంధించి మూడు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. మెదడులో కొన్ని నాడీకణాలు పీటీటీహెచ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. అది ఛాతీ ముందు భాగంలో ఉండే ప్రోథొరాసిక్ గ్రంథుల్ని తట్టిలేపుతుంది. ఆ గ్రంథులు ఎక్డైసోన్ అనే స్టెరాయిడ్‌ను తయారుచేస్తాయి. మిగతా కణజాలాల్లోకి వెళ్లాక అది 20-హైడ్రాక్సీఎక్డైసోన్‌గా మారి పని మొదలుపెడుతుంది. ఇక మూడోది జువెనైల్ హార్మోన్. మెదడు వెనకాల అంటుకున్నట్టుండే కార్పొరా అల్లాటా అనే చిన్న గ్రంథుల జత దీన్ని తయారుచేస్తుంది.

ఎక్డైసోన్ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. కీటకాలు కొలెస్టరాల్ లాంటి స్టెరాల్స్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు. తిన్న ఆకుల్లోంచో, ఇతర ఆహారంలోంచో వచ్చిన స్టెరాల్‌తోనే ఈ హార్మోన్‌ను తయారుచేసుకోవాలి. తిండిలో స్టెరాల్ లేకపోతే పురుగు సరిగా ఎదగదు, కుబుసం విడవదు.

ఇవి కాక చిన్న ప్రోటీన్ ముక్కల రూపంలో పనిచేసే హార్మోన్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. దాహం, ఆకలి, కొవ్వు కరగడం, రంగు మారడం, కుబుసంలోంచి బయటపడడం అన్నిట్లోనూ వాటి పాత్ర ఉంది. వాటిని సందర్భం వచ్చినప్పుడు చూద్దాం.

కుబుసం విడిచే సమయంలో లోపల ఏం జరుగుతుంది?

బయటికి కనిపించేది ఆఖరి ఘట్టం మాత్రమే. ఎక్డైసోన్ పెరగడం మొదలవగానే పాత చర్మం కింద ఉన్న కణాలు దాన్నుంచి విడిపోతాయి. మధ్యలో ఏర్పడిన సందులోకి ఒక ద్రవం చేరుతుంది. కింద కొత్త చర్మం పొరలు పొరలుగా తయారవుతుంటే, పైన పాత చర్మంలో లోపలి పొర కరిగి, అందులోని పదార్థం తిరిగి ఒంట్లోకి చేరుతుంది. పురుగు దాన్ని వృథా పోనివ్వదు. పారేసేది పైనున్న పలచని పెంకు మాత్రమే.

ఎక్డైసోన్ పెరిగితే సరిపోదు, మళ్లీ తగ్గాలి కూడా. అది తగ్గితేనే తర్వాతి హార్మోన్లు బయటికొస్తాయి. గాలి గొట్టాల పక్కనుండే, 'ఇంకా' (Inka) అనే పేరున్న కణాలు ఈటీహెచ్ అనే హార్మోన్‌ను వదులుతాయి, మెదడు నుంచి ఎక్లోషన్ హార్మోన్ వస్తుంది, ఈ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. అప్పుడు పురుగు ఒక క్రమంలో మెలికలు తిరుగుతుంది: ముందు పాత చర్మాన్ని వదులు చేసే కదలికలు, తర్వాత తోక నుంచి తల వైపు అలలు అలలుగా సాగే సంకోచాలు. పొగాకు తినే మాండ్యూకా పురుగు నాడీవ్యవస్థను బయటికి తీసి పాత్రలో పెట్టి ఈటీహెచ్ కలిపితే, కండరాలు లేకపోయినా నరాల్లో అదే వరస సంకేతాలు మొదటి నుంచి చివరిదాకా నడుస్తాయి. నడకంతా నరాల్లో ముందే రాసి ఉంది, హార్మోన్ వచ్చేది దాన్ని మొదలుపెట్టడానికే. ప్రవర్తన, హార్మోన్ ఎలా ముడిపడి ఉంటాయో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణలు తక్కువ.

జువెనైల్ హార్మోన్ పురుగును 'చిన్నగా' ఉంచుతుందా?

సైజుతో దానికి సంబంధం లేదు. పురుగు ఎదుగుతూనే ఉంటుంది, కుబుసాలు విడుస్తూనే ఉంటుంది. జువెనైల్ హార్మోన్ చేసే పని ఏమిటంటే, ఎక్డైసోన్ వచ్చి 'కుబుసం మార్చు' అన్నప్పుడు, తర్వాతి దశ కూడా ఇప్పటిలాంటిదే అయ్యేలా చూడడం. అది ఉంటే లార్వా (పిల్ల దశలోని పురుగు) మళ్లీ లార్వానే అవుతుంది. చివరి లార్వా దశలో అది దాదాపు మాయమవుతుంది. అప్పుడు వచ్చిన ఎక్డైసోన్ అదే పురుగును ప్యూపా వైపు నడిపిస్తుంది.

కణం లోపల దీనికి జన్యువుల స్థాయిలో లెక్క ఉంది. జువెనైల్ హార్మోన్ మెట్ అనే గ్రాహకానికి అతుక్కుని కేఆర్-హెచ్1 అనే జన్యువును నడుపుతుంది, అది ఉన్నంతసేపూ రూపం మార్చే జన్యువులు అణగి ఉంటాయి. అది తప్పుకుంటే ప్యూపాకు 'బ్రాడ్', పెద్ద పురుగుకు 'ఈ93' అనే జన్యువులు వంతులవారీగా రంగంలోకి వస్తాయి.

ఇదంతా ఎలా కనిపెట్టారు?

ఇది కాస్త పొడుగ్గా చెప్పాల్సిన జవాబు. ఎందుకంటే ఈ ప్రయోగాల్లో వాడినవి దారం, బ్లేడు, మైనం, గాజు గొట్టాలు. ఆలోచన మాత్రం చాలా పదునైనది.

పోలండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ కొపెచ్ జిప్సీ మాత్ గొంగళిపురుగులతో పనిచేశాడు. చివరి దశలో ఉన్న పురుగు నడుమును దారంతో బిగించి కట్టాడు. తొందరగా కడితే ముందు సగం మాత్రమే ప్యూపాగా మారింది, వెనక సగం లార్వాగానే ఉండిపోయింది. కొన్ని రోజులు ఆగి కడితే రెండు సగాలూ మారాయి. నాడీ రజ్జువును కోస్తే ఏ తేడా రాలేదు. మెదడును ముందుగానే తీసేస్తే పురుగు బతికింది గానీ ప్యూపా కాలేదు. అంటే మెదడు నుంచి నరాల ద్వారా కాకుండా, ద్రవంలో కలిసి ఏదో వెళ్తోందన్నమాట. 1917లోనే ఆయన ఈ ఫలితాలు ప్రచురించాడు. మెదడు హార్మోన్ వదులుతుందని అప్పటికి ఏ జంతువులోనూ ఇంత సూటిగా చూపించలేదు. ఆయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదన్నది మా అభిప్రాయం.

1930ల్లో ఇంగ్లండ్‌లో విన్సెంట్ విగిల్స్‌వర్త్ రక్తం తాగే రోడ్నియస్ నల్లిని ఎంచుకున్నాడు. దీని వల్ల ఆయనకు ఒక సౌలభ్యం కుదిరింది. ఈ నల్లి ప్రతి దశలోనూ ఒక్కసారి కడుపునిండా రక్తం తాగితే చాలు, నిర్ణీత రోజులకు కుబుసం విడుస్తుంది. కడుపు ఉబ్బడమే మెదడుకు సంకేతం. అంటే గడియారం ఎప్పుడు మొదలైందో పరిశోధకుడికి కచ్చితంగా తెలుస్తుంది. తాగిన వెంటనే తల తీసేస్తే ఆ నల్లి కుబుసం విడవకుండానే నెలల తరబడి బతికింది, కొన్ని ఏడాది దాటాయి. కొన్ని రోజులు ఆగి తల తీస్తే కుబుసం తయారైంది. ఇప్పుడు ఈ రెండు రకాల నల్లుల్ని మైనంతో, సన్నని గాజు గొట్టంతో కలిపి, ఒకదాని ద్రవం మరోదానిలోకి పారేలా చేశాడు. మొదటిది కూడా కుబుసం తయారుచేసుకుంది. ఇంకా ముందుకెళ్లి, మొదటి దశ పిల్ల నల్లిని, పెద్దదిగా మారబోతున్న ఐదో దశ నల్లికి అతికించాడు. ఆ పిల్ల నల్లి మధ్య దశలన్నీ దాటేసి, పెద్దదాని లక్షణాలతో ఉన్న బుల్లి నల్లి అయింది. బాల్యాన్ని పట్టి ఉంచే మరో హార్మోన్ ఉందని, అది కార్పొరా అల్లాటా నుంచి వస్తుందని ఈ దారిలోనే తేలింది.

1940లో జపాన్‌లో సోయిచి ఫుకుడా పట్టుపురుగు మీద పనిచేసి ప్రోథొరాసిక్ గ్రంథి పాత్రను బయటపెట్టాడు. 1954లో జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాండ్ట్, పీటర్ కార్ల్సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్ స్ఫటికాలు తీశారు. అర టన్ను పదార్థంలోంచి చిటికెడు కన్నా తక్కువ. దాని నిర్మాణం తేలడానికి 1965 దాకా పట్టింది. జువెనైల్ హార్మోన్ విషయంలో అమెరికాలో కారొల్ విలియమ్స్‌కు అదృష్టం కలిసొచ్చింది. సెక్రోపియా మగ చిమ్మటల పొట్టల్లో అది ఎందుకో భారీగా పోగై ఉంటుంది. 1956లో వాటి నుంచి బంగారు రంగు నూనెగా దాన్ని బయటికి తీశాడు.

1960లో మరో మెట్టు. క్లెవర్, కార్ల్సన్ కైరోనోమస్ అనే ఈగ లార్వాకు ఎక్డైసోన్ ఎక్కించి, దాని లాలాజల గ్రంథుల్లోని పెద్ద క్రోమోజోముల మీద నిర్దిష్ట చోట్ల ఉబ్బులు రావడం మైక్రోస్కోప్‌లో చూశారు. స్టెరాయిడ్ హార్మోన్ నేరుగా జన్యువుల్ని పనిలోకి దింపుతుందని కళ్లకు కనిపించిన మొదటి సాక్ష్యాల్లో ఇదొకటి. మన ఒంట్లోని స్టెరాయిడ్ల గురించి ఇవాళ తెలిసినదాంట్లో ఆ ఈగ లార్వా వాటా ఉంది.

ప్యూపాగా మారే వేళయిందని పురుగుకు ఎలా తెలుస్తుంది?

వయసు కన్నా బరువు ముఖ్యం. మాండ్యూకా పురుగు చివరి లార్వా దశలోకి ఒక గ్రాము పైచిలుకు బరువుతో అడుగుపెడుతుంది, పది గ్రాములు దాటేదాకా పెరుగుతుంది. దారిలో ఒక గీత ఉంది. 1974లో నైహౌట్, విలియమ్స్ చేసిన పనిలో అది సుమారు 5 గ్రాములు. ఆ గీత దాటకముందు తిండి ఆపేస్తే ప్యూపా కావడం వాయిదా పడుతుంది. దాటాక ఆపినా సరే, మారడం అనుకున్న వేళకే జరుగుతుంది. గీత దాటాక జువెనైల్ హార్మోన్ పడిపోతుంది, తర్వాత మెదడు పీటీటీహెచ్‌ను వదులుతుంది. అది కూడా ఎప్పుడుపడితే అప్పుడు కాదు, రోజులో ఒక నిర్ణీత వేళలోనే.

తర్వాత వచ్చే చిన్న ఎక్డైసోన్ అలతో పురుగు ప్రవర్తన తలకిందులవుతుంది. అప్పటిదాకా ఆకు వదలని జీవి తిండి మానేసి, మొక్క దిగి, నేల మీద గంటల తరబడి పాకుతూ, మట్టిలో దూరే చోటు వెతుక్కుంటుంది. వీపు మీద గుండె గొట్టం గీతలా బయటికి కనిపిస్తుంది. ఇంతకుముందు దశల్లో ఇదే ఎక్డైసోన్ వచ్చినప్పుడు పురుగు కదలకుండా కూర్చుని కుబుసం మార్చుకుంది. ఈసారి దేశాటనకు బయల్దేరింది. మధ్యలో మారినదల్లా జువెనైల్ హార్మోన్ లేకపోవడమే.

గాయాలకూ ఇందులో పాత్ర ఉంది. పండ్ల ఈగ లార్వాలో రెక్కగా మారాల్సిన కణజాలం దెబ్బతింటే అది డీఐఎల్‌పీ8 అనే హార్మోన్‌ను వదిలి, ఎక్డైసోన్‌ను ఆలస్యం చేయిస్తుంది. బాగుపడే వ్యవధి దొరుకుతుంది.

ప్యూపాలో పురుగు మొత్తం కరిగి రసమైపోతుందా?

లేదు. ఈ మాట చాలాచోట్ల వినిపిస్తుంది గానీ పూర్తిగా నిజం కాదు. లార్వా కండరాలు, పేగుల్లో చాలా భాగం విచ్ఛిన్నమవుతాయి, నిజమే. కానీ రెక్కలు, కాళ్లు, కళ్లు అయ్యే కణాల గుంపులు లార్వా ఒంట్లో ముందు నుంచీ ఉంటాయి. ఎక్డైసోన్ వాటిని విచ్చుకునేలా చేస్తుంది. గాలి గొట్టాలు మళ్లీ తీరుతాయి. నాడీవ్యవస్థ కొనసాగుతుంది. కొన్ని నాడీకణాలు పాత కొమ్మలు కత్తిరించుకుని కొత్తవి వేసుకుంటాయి, కొన్ని చనిపోతాయి. ఒకే హార్మోన్ ఒకే రోజు పక్కపక్కనే ఉన్న రెండు కణాల్లో ఒకదాన్ని చంపి, మరోదాన్ని పెంచుతుంది.

చిమ్మట రోజూ ఒకే వేళకు బయటికి రావడం కూడా హార్మోన్ పనేనా?

అవును. దీన్ని తేల్చిన ప్రయోగం ఈ రంగంలో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది. సెక్రోపియా చిమ్మట ప్యూపా నుంచి ఉదయం పూట బయటికొస్తుంది. దాని బంధువైన పెర్నీ పట్టుచిమ్మట సాయంత్రం వస్తుంది. 1970లో జేమ్స్ ట్రూమన్, లిన్ రిడిఫర్డ్ ప్యూపాల మెదళ్లు తీసేశారు. అప్పుడు చిమ్మటలు వేళాపాళా లేకుండా బయటికొచ్చాయి. తీసిన మెదడును పొట్టలో నరాలతో ఏ లంకె లేకుండా ఊరికే పెట్టినా వేళ తిరిగొచ్చింది. ఆఖరికి రెండు జాతుల మెదళ్లు మార్చి పెట్టారు. సెక్రోపియా పెర్నీ వేళకు, పెర్నీ సెక్రోపియా వేళకు బయటికొచ్చాయి. గడియారం మెదడులోనే ఉంది, వార్త మాత్రం హార్మోన్‌గా ద్రవంలో వెళ్తోంది. బయటికొచ్చే కదలికల తీరు మాత్రం ఆ ఒంటి జాతిదే.

బయటికొచ్చాక బర్సికాన్ అనే మరో హార్మోన్ అందుకుంటుంది. దాని వల్లే మెత్తని, పాలిపోయిన చర్మం గట్టిపడి రంగు తేలుతుంది. అప్పుడే బయటపడ్డ ఈగ మెడకు దారం బిగించి కడితే శరీరం పాలిపోయే ఉంటుందని 1962లో చూపించారు.

పెద్దదయ్యాక హార్మోన్లతో పని అయిపోతుందా?

చాలా కీటకాల్లో ప్రోథొరాసిక్ గ్రంథులు కరిగిపోతాయి, అందుకే రెక్కలొచ్చాక కుబుసం విడవవు. సిల్వర్‌ఫిష్ లాంటి రెక్కల్లేని పాత తరహా కీటకాలు పెద్దయ్యాక కూడా విడుస్తూనే ఉంటాయి. హార్మోన్లు మాత్రం అవే, ఉద్యోగాలు మారతాయి.

ఈడిస్ ఈజిప్టై ఆడ దోమ దీనికి మంచి ఉదాహరణ. ప్యూపా నుంచి బయటపడ్డ మొదటి రెండు మూడు రోజుల్లో జువెనైల్ హార్మోన్ పెరిగి అండాశయాల్ని, కొవ్వు కణజాలాన్ని తయారుగా ఉంచుతుంది. రక్తం తాగాక మెదడు నుంచి వచ్చిన సంకేతంతో అండాశయాలే ఎక్డైసోన్ తయారుచేస్తాయి. ఒక రోజు తిరిగేలోపు అది ఉచ్చస్థితికి చేరుతుంది. కొవ్వు కణజాలం గుడ్డు పచ్చసొనకు కావాల్సిన ప్రోటీన్‌ను గుట్టలుగా తయారుచేస్తుంది, దాదాపు మూడు రోజులకు గుడ్లు సిద్ధం. లార్వాలో కుబుసం మార్పించిన హార్మోనే ఇక్కడ గుడ్లు పెట్టిస్తోంది. గుడ్లు ఎదుగుతున్నన్నాళ్లు మనిషి వాసన వెంట పడాలన్న తపన కూడా తగ్గుతుంది, అందులోనూ హార్మోన్ల చెయ్యుంది. అనాఫిలిస్ గాంబియే దోమల్లో ఇంకో వింత ఉంది. మగ దోమ జతకట్టేటప్పుడు తన ఎక్డైసోన్‌నే ఆడదానికి అందిస్తుంది.

తేనెపట్టులో ఎవరు ఏ పని చేయాలో హార్మోన్లే నిర్ణయిస్తాయా?

కొంత వరకు. ముందు రాణి, కూలి ఈగల సంగతి. రెండూ ఒకే రకం గుడ్ల నుంచి వస్తాయి. తిండి తేడాతో రాణి కాబోయే లార్వాలో జువెనైల్ హార్మోన్ ఎక్కువగా ఉంటుంది. కూలి ఈగ కావాల్సిన లార్వాకు సరైన రోజుల్లో ఈ హార్మోన్ పూస్తే అది రాణి లక్షణాల వైపు మళ్లుతుంది. ఆ రోజులు దాటాక పూస్తే ఫలితం ఉండదు.

తర్వాత కూలి ఈగల జీవితం. మొదటి రెండు మూడు వారాలు అవి పట్టు లోపలే ఉంటాయి: గదులు శుభ్రం చేయడం, పిల్లల్ని సాకడం. అప్పుడు జువెనైల్ హార్మోన్ తక్కువ, వైటెల్లోజెనిన్ అనే ప్రోటీన్ ఎక్కువ. తర్వాత లెక్క తిరగబడి ఈగ పూల కోసం బయటికి వెళ్తుంది. హార్మోన్‌లాగా పనిచేసే మెథోప్రీన్ ఇస్తే చిన్న వయసులోనే బయటికి వెళ్లడం మొదలుపెడుతుంది.

'హార్మోన్ వచ్చింది, పని మారింది' అని ఇక్కడితో ఆగిపోతే తప్పు. కార్పొరా అల్లాటా తీసేసిన ఈగలు కూడా పూల కోసం వెళ్లాయి, కాకపోతే ఆలస్యంగా. పట్టులో పెద్ద ఈగలు తగ్గిపోతే కుర్ర ఈగల్లో హార్మోన్ తొందరగా పెరుగుతుంది. పిల్లల్ని సాకేవాళ్లు కరువైతే బయట తిరిగే ఈగల్లో కొన్ని మళ్లీ లోపలి పనికి వస్తాయి, వాటిలో హార్మోన్ తగ్గుతుంది. హార్మోన్ ప్రవర్తనను మారుస్తుంది, చుట్టూ ఉన్న సమూహం హార్మోన్‌ను మారుస్తుంది.

మిడతల దండు వెనుక కూడా హార్మోనే ఉందా?

ఎడారి మిడత మామూలుగా ఒంటరిది, సాటి మిడత ఎదురైతే తప్పుకుపోతుంది. గుంపులో ఇరుక్కుంటే కొద్ది గంటల్లో స్వభావం మారి, ఇతరుల వైపు వెళ్తుంది. 2009లో వచ్చిన పరిశోధనలో దీని వెనుక సెరటోనిన్ తేలింది. వెనక కాళ్లను రెండు గంటలపాటు బ్రష్‌తో తడుముతూ ఉన్నా చాలు, ఛాతీలోని నాడీ కేంద్రాల్లో సెరటోనిన్ పెరిగి మిడత గుంపు కోరుకుంటుంది. సెరటోనిన్‌ను అడ్డుకుంటే మార్పు ఆగింది. కచ్చితంగా చెప్పాలంటే ఇక్కడ సెరటోనిన్ నాడీ రసాయనం, ద్రవంలో తిరిగే హార్మోన్ కాదు. వలస మిడత అనే మరో జాతిలో డోపమిన్ పాత్ర ఎక్కువ.

రంగు మార్పు మాత్రం హార్మోన్లదే. ఒంటరి మిడతల పచ్చదనం జువెనైల్ హార్మోన్ వల్ల, గుంపు మిడతల నల్లని మచ్చలు కొరజోనిన్ అనే పెప్టైడ్ వల్ల. ఎగిరే శక్తి వెనుక ఇంకోటుంది. మొదటి అరగంట చక్కెరతో ఎగిరిన మిడత, తర్వాత అడిపోకైనెటిక్ హార్మోన్ ప్రభావంతో కొవ్వు మీదికి మళ్లుతుంది. పది అమైనో ఆమ్లాల ఈ చిన్న హార్మోన్ నిర్మాణం 1976లో తేలింది.

కీటకాలు నెలల తరబడి నిద్రావస్థలో ఎలా ఉంటాయి?

దీన్ని డయపాజ్ అంటారు. ఒక్కో కీటకం దీన్ని ఒక్కో దశలో, ఒక్కో పద్ధతిలో సాధించింది. సెక్రోపియా ప్యూపాలో మెదడు పీటీటీహెచ్ వదలడం ఆపేస్తుంది. వారాల తరబడి చలి తగిలాకే మళ్లీ మేలుకుంటుంది. చలి తగిలిన మెదడును తీసి, చలి తగలని ప్యూపాలో పెడితే అదీ లేస్తుందని విలియమ్స్ చూపించాడు.

పట్టుపురుగు పద్ధతి ఇంకా ఆశ్చర్యం. గుడ్డు ఆగి ఉండాలా, వెంటనే పొదగాలా అన్నది తల్లి నిర్ణయిస్తుంది, ఆ తల్లి కూడా తాను గుడ్డులో ఉన్నప్పుడు చవిచూసిన వాతావరణాన్ని బట్టి నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వేడి, వెలుతురులో పెరిగిన పిండం పెద్దదై ఆగి ఉండే గుడ్లు పెడుతుంది. 15 డిగ్రీలు, చీకటిలో పెరిగినది వెంటనే పొదిగే గుడ్లు పెడుతుంది. తల్లి తలలోని నాడీ ముడి నుంచి వచ్చే డయపాజ్ హార్మోన్ గుడ్లకు ఈ కబురు అందిస్తుంది.

మోనార్క్ సీతాకోకచిలుకల్లో వలస వెళ్లే తరానికి జువెనైల్ హార్మోన్ తక్కువ. గుడ్ల తయారీ వాయిదా పడుతుంది, ఆయుష్షు ఎనిమిది నెలల దాకా సాగుతుంది. వేసవి తరం కొన్ని వారాలే బతుకుతుంది. ఆ వేసవి సీతాకోకల్లో కార్పొరా అల్లాటా తీసేస్తే అవీ ఎక్కువ కాలం బతికాయి.

హార్మోన్‌కు, ఫెరోమోన్‌కు తేడా ఏమిటి?

హార్మోన్ అదే ఒంట్లో పనిచేస్తుంది. ఫెరోమోన్ బయటికి వెళ్లి అదే జాతిలోని మరో జీవి మీద పనిచేస్తుంది. మొదట గుర్తించిన ఫెరోమోన్ బాంబికాల్, 1959లో దాదాపు 5 లక్షల ఆడ పట్టుచిమ్మటల నుంచి తీశారు, అదీ బ్యూటెనాండ్ట్ బృందమే.

మగ, ఆడ తేడా కూడా హార్మోన్ల వల్లేనా?

మన దగ్గరలాగా కాదు. కీటకాల్లో ప్రతి కణం తన క్రోమోజోముల్ని బట్టి దాదాపు సొంతంగానే మగో ఆడో అవుతుంది. అందుకే అప్పుడప్పుడు ఒక పక్క మగ, మరో పక్క ఆడ రెక్కలున్న సీతాకోకచిలుకలు కనిపిస్తాయి. ఒంటినిండా తిరిగే లైంగిక హార్మోన్ ఉంటే అలా నడిమధ్య గీత గీసినట్టు ఉండడం కుదరదు.

మొక్కలకు ఈ హార్మోన్ల సంగతి తెలుసా?

తెలిసినట్టే ప్రవర్తిస్తాయి. 1960ల మధ్యలో కారెల్ స్లామా ప్రాగ్ నుంచి పైరోకోరిస్ నల్లుల్ని హార్వర్డ్‌కు తీసుకెళ్లాడు. అక్కడ అవి ఐదో దశ తర్వాత పెద్దవి కాకుండా ఆరో దశ పిల్లలయ్యాయి, చివరికి చనిపోయాయి. అన్నీ వెతికి చూస్తే తప్పు డబ్బాల్లో పరిచిన కాగితానిదని తేలింది. అమెరికన్ కాగితపు తువాళ్లు, వార్తాపత్రికలు ఈ పని చేశాయి, ఇంగ్లండ్ పత్రికల కాగితం చేయలేదు. అమెరికన్ కాగితానికి వాడిన బాల్సమ్ ఫర్ చెట్టులో జువెనైల్ హార్మోన్‌లా పనిచేసే పదార్థం ఉంది. 1966లో విలియం బవర్స్ బృందం దాన్ని గుర్తించి జువాబయోన్ అని పేరు పెట్టింది. అదే ఏడాది కొన్ని చెట్లలో ఎక్డైసోన్ తరహా స్టెరాయిడ్లు కూడా దొరికాయి. పాలకూర జాతికి చెందిన స్పినాచ్‌లో 20-హైడ్రాక్సీఎక్డైసోన్ స్వయంగా ఉంది. అజెరాటమ్ మొక్కలోని ప్రికోసీన్లు దీనికి ఎదురు దారి పట్టాయి: కార్పొరా అల్లాటాను దెబ్బతీసి, పిల్ల పురుగును ముందుగానే గుడ్లు పెట్టలేని పెద్ద పురుగుగా మారుస్తాయి. వేపలోని అజాడిరక్టిన్ మెదడు హార్మోన్ల విడుదలకు అడ్డుపడుతుంది, దాంతో ఎక్డైసోన్ తగ్గి కుబుసం మధ్యలోనే ఆగిపోతుంది.

హార్మోన్ల ఆధారంగా పురుగుమందులు ఉన్నాయా? వెంటనే పనిచేయవేం?

ఉన్నాయి. మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్ జువెనైల్ హార్మోన్‌ను అనుకరిస్తాయి. టెబుఫెనోజైడ్, మెథాక్సిఫెనోజైడ్ ఎక్డైసోన్‌ను అనుకరిస్తాయి. డైఫ్లూబెంజురాన్, నొవాల్యురాన్, బ్యూప్రోఫెజిన్‌లను కూడా చాలామంది హార్మోన్ మందులంటారు గానీ అవి హార్మోన్లతో సంబంధం లేకుండా చర్మంలోని కైటిన్ తయారీని ఆపుతాయి.

దశ చూసి వాడడం వీటిలో ప్రాణం. మెథోప్రీన్ కలిపిన నీళ్లలో దోమ లార్వాలు హాయిగా తిరుగుతూనే ఉంటాయి. ప్యూపా అయ్యాక బయటికి రాలేక చస్తాయి. మర్నాడే లార్వాలు కనిపించాయని మందు పనిచేయలేదనుకోవడం పొరపాటు. ఇదే రకం మందును పంట తినే గొంగళిపురుగు మీద వాడితే లార్వా దశ పొడుగై ఇంకా ఎక్కువ ఆకు తినే ప్రమాదం ఉంది. కాబట్టి జువెనైల్ హార్మోన్ తరహా మందులు లార్వా దశలో నష్టం లేని దోమల మీద బాగా నప్పాయి. గొంగళిపురుగులకు టెబుఫెనోజైడ్ లాంటివి మేలు. అవి కొద్ది గంటల్లోనే తిండి మాన్పించి, వేళ కాని వేళ కుబుసంలోకి నెడతాయి. తల తొడుగు సగం జారి అక్కడే ఆగిపోతుంది.

తన సొంత హార్మోన్‌కు ఏ కీటకమూ నిరోధం పెంచుకోలేదని 1967లో విలియమ్స్ ఆశపడ్డాడు. ఆ ఆశ నిలబడలేదు. మెథోప్రీన్‌ను తట్టుకునే పండ్ల ఈగలు 1986లో ప్రయోగశాలలో దొరికాయి. తెల్లదోమలో పైరిప్రాక్సిఫెన్‌కు నిరోధం పొలాల్లోనే వచ్చింది. ఒకే మందును పదేపదే వాడకూడదన్న సూత్రం వీటికీ వర్తిస్తుంది.

ఇవి మనుషులకు ప్రమాదమా?

మన కణాల్లో ఎక్డైసోన్‌కు, జువెనైల్ హార్మోన్‌కు సరిపోయే గ్రాహకాలు లేవు. అందుకే నాడుల మీద పనిచేసే పాత మందులతో పోలిస్తే వీటితో మనకు ముప్పు తక్కువ. తగిన మోతాదులో మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్‌లను తాగునీటి నిల్వల్లో దోమ లార్వాల మీద వాడేందుకు కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలున్నాయి. పీతలు, రొయ్యలు మాత్రం వేరు. అవీ ఎక్డైసోన్‌తోనే చర్మం మార్చుకుంటాయి. చెరువులు, కాలువల పక్కన జాగ్రత్త తప్పనిసరి.

పురుగుల హార్మోన్లను వేరే జీవులు వాడుకుంటాయా?

గొంగళిపురుగులకు సోకే బాక్యులోవైరస్‌ల దగ్గర ఈజీటీ అనే జన్యువు ఉంది. అది తయారుచేసే ఎంజైమ్ ఎక్డైసోన్‌కు చక్కెర అణువు తగిలించి పనికిరాకుండా చేస్తుంది. పురుగు కుబుసం మార్చుకోకుండా తింటూనే ఉంటుంది, దాని ఒంట్లో వైరస్ పెరుగుతూనే ఉంటుంది. జిప్సీ మాత్ పురుగులు చనిపోయే ముందు చెట్టు పైకి ఎక్కి అక్కడే ఉండిపోవడానికీ ఈ జన్యువే కారణమని 2011లో తేలింది. పైన చనిపోయిన పురుగు ద్రవంగా కారి కింది ఆకుల మీద వైరస్‌ను చల్లుతుంది.

ఇవన్నీ ఇంట్లో చూడగలమా?

హార్మోన్‌ను చూడలేం, అది చేయించే పనుల్ని చూడొచ్చు. ఒక గొంగళిపురుగును అది దొరికిన మొక్క ఆకులతోనే, గాలి ఆడే డబ్బాలో పెంచండి. తిండి మానేసి, తల కొంచెం ఎత్తి కదలకుండా కూర్చున్న రోజున తల వెనకాల చూడండి. పాత తల తొడుగు ముందుకు జరిగి, వెనక కొత్త తల లేతరంగులో ఉబ్బి కనిపిస్తుంది. ఆ వేళ దాన్ని తాకొద్దు, ఆకు మీద నుంచి లాగొద్దు. కాళ్ల పట్టు పోతే పాత చర్మంలోంచి బయటికి రాలేదు. చివరి దశలో ఉన్నట్టుండి డబ్బా అంతా తిరగడం మొదలుపెడితే అది పారిపోవడానికి కాదు, ప్యూపా చోటు కోసం. కొన్ని జాతులకు అడుగున మట్టి వేయాలి, కొన్నిటికి నిలువు పుల్ల కావాలి. బయటికొచ్చాక రెక్కలు సాగదీసుకోవడానికి వేలాడే చోటు ఉండాలి. చర్మం గట్టిపడేలోపు రెక్కలు పూర్తిగా విచ్చుకోకపోతే ఆ ముడతలు ఇక పోవు.